సుద్దగీతల మంచాలు

ఆ వీధిలో అందరూ ఆయనను కుర్చీలాయన అనేవారు. కుంగిన సోఫాలకు లోపలి స్పాంజి మార్చి, చినిగిన కుర్చీలకు కొత్త బట్ట తొడిగి, మళ్ళీ మనుషులు కూర్చునేటట్లు చేయడం ఆయన వృత్తి. పరాయిదేశం వచ్చిన నాటినుండి ఆయన చేతిమీదుగా బాగుపడిన ఆసనాలకు లెక్కలేదు గాని, వాటిలో ఒక్కదానిలోనైనా ఆయన తీరుబడిగా కూర్చున్నది లేదు. రాత్రివేళ దుకాణం వెనుకగదిలో తోటి పనివారితో కలిసి పడుకొనేవాడు. తెల్లవారి పక్కలు చుట్టి మూలకు నెట్టిన తరువాతగాని ఆ గది తలుపు తెరుచుకొనేది కాదు.

నలుగురు మనుషులు, నాలుగు చోట్లు; అదీ ఆయన సంసారం. ఒక్క సంపాదనతో ఇల్లు గడవదని తేలిన పిమ్మట, భార్య ఇంకొక దేశంలో, మంచం పట్టిన ఒక వృద్ధురాలికి సేవచేసే పనికి కుదిరింది. కొడుకు స్వదేశంలో హాస్టలులో ఉండి చదువుకొంటున్నాడు. ఇంట్లోవారు బుడ్డి అని పిలుచుకొనే కూతురు మేనమామ పంచన పెరుగుతున్నది. ఈ నలుగురినీ ఒక్క కప్పు కిందికి చేర్చాలన్నది కుర్చీలాయన పంతం.

ఆ పంతానికి ఒక చిక్కు అడ్డుపడింది. పిల్లలకు వేరే గది ఉన్న ఇల్లు తన పేర ఉంటేనే కుటుంబాన్ని రప్పించుకోనిస్తామని ప్రభుత్వ కార్యాలయంవారు కచ్చితంగా చెప్పారు. లాండ్రీ దుకాణం పైవాటా ఖాళీ అయినదని విని ఆయన పరుగున వెళ్ళాడు. ఇంటి యజమానురాలు ఏనాడో వచ్చి స్థిరపడిన మనవైపు మనిషే. తాళాలగుత్తి నడుమున దోపనిదే గడప దాటదు గనుక ఆమెకు తాళాలమ్మ అని పేరు.

"కుటుంబం ఉంటేనే ఇల్లు," అన్నదామె తలుపు సగమే తెరిచి.

"ఇల్లుంటేనే కుటుంబం వస్తుందండీ, అమ్మగారూ."

"అందరిదీ ఇదే పాట. ఇంతకుముందొకడు పెళ్ళాంపిల్లలు వస్తున్నారని చెప్పి, నెల తిరక్కుండా డజనుమంది మగాళ్ళని దింపాడు. వాళ్ళ గోలకి నా చెవులు చిల్లులుపడ్డాయి."

"నాకు నిజంగానే ఉన్నారండీ."

"వాడికీ నిజంగానే ఉన్నారు. ఫోటో కూడా చూపించాడు."

మరొకరైతే ఇంకొక ఇల్లు వెతుక్కొనేవారే. కుర్చీలాయన మరునాడూ వెళ్ళాడు, ఆ మరునాడూ వెళ్ళాడు. తలుపు తీయకపోతే మెట్లమీద కూర్చున్నాడు. తీసి కసిరితే నవ్వి, రేపు వస్తానని చెప్పి వచ్చాడు. కడకు విసిగినది ఆమెయే.

"నీతో పెద్ద తలనొప్పి వచ్చిపడిందయ్యా! ఆదివారం రా. నీవాళ్ళని ఫోనులో చూపించు. నాలుగు మాటలు మాట్లాడితే నాకే తెలుస్తుంది."

ఆ సంబరంలోనే ఆయన పొరపాటు చేశాడు. ముందుగా ముగ్గురికీ ఫోను చేసి, "ఆవిడకి గోల పడదు. ఎవరూ నవ్వకండి, అరవకండి. అడిగినదానికే జవాబు చెప్పండి," అని గట్టిగా నూరిపోశాడు.

ఆదివారం ఉదయం తాళాలమ్మ వాటా తెరిచి కిందికి వెళ్ళగానే, కుర్చీలాయన జేబులోని సుద్దముక్క తీశాడు. గీత గీయనిదే కత్తెర పట్టని చేయి అది. ఖాళీ గదులలో మోకాళ్ళమీద వంగి, ఎవరి మంచం ఎక్కడ పడుతుందో నేలమీద గీశాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి ఫోను తెరమీద ముగ్గురూ సిద్ధంగా ఉన్నారు.

"ఏం బాబూ, బాగా చదువుతున్నావా?"

"చదువుతున్నానండీ," అన్నాడు కొడుకు.

"నాన్నమీద బెంగగా లేదుటే, పిల్లా?"

"ఉందండీ," అన్నది కూతురు. భార్య ఏమీ అనక, పెళ్ళిచూపులలో కూర్చున్నట్లు తల వంచుకొన్నది.

తాళాలమ్మ గుత్తి చేతిలోకి తీసుకొన్నది. "బాగానే నేర్పావయ్యా నాటకం! ఎక్కడ దొరికారు వీళ్ళు? కన్నపిల్లలు ఇంత బుద్ధిగా ఉండటం నేనెక్కడా చూళ్ళేదు. పద, తాళం వేసుకోవాలి."

కుర్చీలాయన కదలలేదు. "ఒక్క నిమిషమండీ," అని ఫోనును నేలవైపు తిప్పాడు. "చూడండర్రా, మీ మంచాలు గీశాను. గోడవారనున్నది అబ్బాయిది. కిటికీ పక్కది బుడ్డిది."

తెరమీద మూడు తలలూ ముందుకు వంగాయి.

"కిటికీ దానికెందుకు?" అన్నాడు కొడుకు, నేర్చిన పాఠమంతా మరచి. "అది పడుకుందంటే పిడుగు పడ్డా లేవదు!"

"నీ గురకకి గోడే సరిపోతుందిలే, అన్నయ్యా! మామయ్యని అడుగు, పోయిన సెలవుల్లో ఇంటిల్లిపాదికీ నిద్ర లేదు."

"ఒసేయ్..."

"ఆగండర్రా, ఆవిడ వింటున్నారు!" అని భార్య ఆ ఇద్దరినీ మించి అరిచింది.

"నాన్నా," అన్నది కూతురు హఠాత్తుగా, "నా గీత దగ్గరగా చూపించు. ఇంత పొట్టిగా గీశావేం? నా కాళ్ళు బయటే ఉంటాయి."

"నీ కొలత నాకు తెలియదుటే?"

"ఏం తెలుసు? ఇటు చూడు." ఆ పిల్ల ఫోనును అలమారలో నిలబెట్టి, వెనక్కి వెళ్ళి తలుపును ఆనుకొని నిలుచున్నది. పక్కనే గొళ్ళెం ఆమె చెవికి సమంగా ఉన్నది.

చూపుతోనే సోఫా కొలతలు చెప్పగలిగిన మనిషి, తాను పరాయిదేశం బయలుదేరిన నాడు బస్సు దగ్గర తన నడుమును చుట్టుకొని ఏడ్చిన పసిదానికి మంచం గీశాడు. ఇన్నాళ్ళూ ఫోనులో ముఖమే కనిపించింది. కింద కాళ్ళు పెరుగుతున్న సంగతి ఆయనకు తట్టనే లేదు.

"ఫోనులో మొహాలు చూసి మంచాలు గీస్తే ఇలాగే ఉంటుంది," అన్నది భార్య. నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకొన్నది. "చెరిపి మళ్ళీ గీయండి. ఇంకో జానెడు ఎక్కువే వెయ్యండి. అది వచ్చేలోపు ఊరుకుంటుందా? ఇంకా పెరుగుతుంది."

తాళాలమ్మ చాలాసేపు ఆ పొట్టిగీతనే చూసింది. పిదప గుత్తిలోనుండి ఒక తాళంచెవి విడదీసి కిటికీగట్టుమీద పెట్టింది.

"కిరాయి మనుషులైతే ఇలా కొట్టుకోరు. ఇల్లు నీ పేరనే రాయిస్తాను. ఆ కిటికీ తగవు మాత్రం నా నెత్తిన వెయ్యకండి. ఇంకొకటి, ఈ సుద్దంతా ఎవరు కడుగుతారు?"

"మంచాలు దిగిన రోజున నేనే కడుగుతానండీ, అమ్మగారూ. అందాకా ఉండనివ్వండి."

"అందాకా ఊడ్చేదెలా?"

"గీతలు తప్పించి ఊడుస్తాను."

ఆమె గొణుక్కొంటూ మెట్లు దిగింది. ఫోనులో కిటికీ తగవు ఇంకా సాగుతూనే ఉన్నది. కుర్చీలాయన మోకాళ్ళమీద వంగి, పాతగీతను అరచేతితో చెరిపి, జానెడు కలుపుకొని కొత్తగీత మొదలుపెట్టాడు.