నాయిన అడ్డకర్ర

ఏళ్ళుగా మా ఇంట్లో ఏ తలుపూ పూర్తిగా మూసుకోదు. స్నానాల గదికి కూడా పరదా ఒక్కటే. నేను నీళ్ళు పోసుకుంటుంటే అమ్మ బయట నిలబడి "ఉన్నవా బిడ్డా?" అని అడుగుతుంది. "ఉన్న" అంటాను. చెంబు చప్పుడు కాసేపు ఆగిందంటే మళ్ళీ అడుగుతుంది. ముప్పై దాటిన దాన్ని, కంపెనీ ఆఫీసులో కుర్చీ వేసుకుని కూర్చునే దాన్ని, ఒకసారి ఓపిక నశించి "సబ్బు రుద్దుకుంటున్ననే, సచ్చిపోలే" అన్నాను. ఆ రోజంతా అమ్మ నాతో మాట్లాడలేదు. నా నోటి దురుసు నాయిన పోలికే అంటారు. ఆయన పోలికలు ఇంకేమైనా వచ్చి ఉంటే బాగుండేది.

నాయిన గనిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కింద కర్రలు నిలబెట్టడం ఆయన పని. కొలత చూసి కర్ర కోసి, కప్పుకు ఆనించి, సందులోకి ఒక చెక్క ముక్కను సుత్తితో దిగగొడితే అది బిగుసుకుంటుంది. ఆ తర్వాత వేలి కణుపుతో కర్రను రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి వినేవాడు. చప్పుడు గట్టిగా వస్తే కర్ర బరువు మోస్తున్నట్టు, బోలుగా వస్తే మళ్ళీ బిగించాలి. కప్పు కుంగే ముందు కర్ర కిర్రుమంటుందనీ, ఆ చప్పుడు విని మనుషులు బయటపడతారనీ చెప్పేవాడు. గనిలోకి ఇనుప సపోర్టులు వచ్చాక కూడా ఆయన నమ్మకం మారలేదు. "ఇనుము మనిషితోని మాట్లాడదు. కర్ర మాట్లాడుతది" అనేవాడు. ఇంట్లో మంచం కోడును కూడా రెండుసార్లు కొట్టి చూసిగానీ కూర్చునేవాడు కాదు.

మాది రెండు గదుల క్వార్టరు. రాత్రి షిఫ్టు చేసి వస్తే నాయిన లోపలి గదిలో పడుకునేవాడు. ఊరి పక్కన పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్‌లో మధ్యాహ్నం బండ పేల్చే బ్లాస్టింగ్ అయినప్పుడు అలమరలో స్టీలు గ్లాసులు గలగలమనేవి. లోపలి గది తలుపు పాతది, దాని గడియ వదులు. ఆ అదురుకు గడియ జారి, తలుపు దానంతట అదే తెరుచుకునేది. ముఖం మీద వెలుతురు పడగానే నాయిన లేచి కూర్చుని తలుపును, గడియను, దాన్ని బిగించిన వడ్రంగిని, ఆ వడ్రంగి తాతల్ని వరుసపెట్టి తిట్టేవాడు. రాత్రంతా భూమి కింద ఉండి వచ్చిన మనిషికి పగటి నిద్రను మించింది లేదు. ఆ నిద్ర చెడితే ఇంట్లో అన్నం కూడా సహించేది కాదు.

చివరికి ఒక సెలవు రోజున కలప అడితి నుంచి నీలగిరి కర్ర ముక్క ఒకటి తెచ్చుకుని, వాకిట్లో కూర్చుని దాన్ని చెక్కాడు. ఛాతీ ఎత్తు కర్ర. పై కొసకు తలుపు అడ్డపట్టీ కింద ఇమిడేలా గాడి కోశాడు. కింది కొసకు పాత గమ్‌బూటు రబ్బరు కోసి మేకులతో బిగించాడు. తలుపు మూసి, కర్రను ఏటవాలుగా ఆనించి, దాని కాలి కింద చెక్క ముక్కను దిగగొడితే ఇక బయటి నుంచి ఎంత తోసినా తలుపు కదలదు. తోసిన కొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. తియ్యాలంటే లోపలున్నవాళ్ళే చెక్క ముక్కను పక్క నుంచి కొట్టి ఊడదియ్యాలి. అది కూడా అంత తొందరగా రాదు. బిగించాక నాయిన కర్రను రెండుసార్లు కొట్టి, తృప్తిగా తల ఊపి, మంచం ఎక్కేవాడు.

అది ఆయనతో పాటు ఊళ్ళు కూడా తిరిగింది. మా వైపే ఉన్న జైపూర్ దగ్గర మా మేనమామ ఇంట్లో పెళ్ళికి పోతూ బట్టల సంచితో పాటు ఆ కర్రను కూడా బస్సెక్కించాడు. అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. మామయ్య దాన్ని చూసి నవ్వీ నవ్వీ, "ఏంది బావా, మా ఇంటి మీద నమ్మకం లేదా?" అన్నాడు.

"మీ మీద నమ్మకమే. మీ తలుపు మీదనే లేదు" అన్నాడు నాయిన. ఆ పెళ్ళిలో అందరికంటే బాగా నిద్రపోయింది ఆయనే.

మా కాలనీలో ఒక పద్ధతి ఉంది. రాత్రి షిఫ్టు చేసి పడుకున్న మనిషి తలుపు ఎవరూ కొట్టరు. గుమ్మం ముందు గని బూట్లు బోర్లించి ఉన్నాయంటే లోపల మనిషి పడుకున్నాడని లెక్క. కూరగాయల బండివాడు ఆ ఇల్లు దాటాకే కేక వేస్తాడు. చుట్టాలు వచ్చినా వాకిట్లోనే కూర్చుని గుసగుసలాడతారు. నిద్ర చాలని మనిషి గనిలోకి దిగితే ఏమవుతుందో అందరికీ తెలుసు. అందుకే అది మర్యాద ఒక్కటే కాదు, భయం కూడా. అమ్మ ఆ పద్ధతిని అందరికంటే గట్టిగా పట్టుకుంది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి నాయిన పడుకున్న గది తలుపు ఆమె ఒక్కసారి కూడా కొట్టలేదు. ఆ మాట గర్వంగా చెప్పుకునేది.

నాయిన పోయింది ఎండాకాలంలో. రాత్రి షిఫ్టు చేసి పొద్దున వచ్చి, ఛాతీలో మంటగా ఉందని మజ్జిగ తాగి, కూలర్ వేసుకుని పడుకున్నాడు. లోపలి గదికి ఉన్న ఒక్క కిటికీలో కూలర్ బిగించి ఉంటుంది, చుట్టూ ఉన్న సందుల్ని వెలుతురు రాకుండా అట్టలతో మూసేశాం. తలుపుకు అడ్డకర్ర ఉంది. నేను మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చేసరికి అమ్మ ఆ తలుపు పక్కనే నేల మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. రాయితో కొడితే చప్పుడవుతుందని చేత్తోనే ఒలుస్తోంది. నన్ను చూసి మూతి మీద వేలు పెట్టుకుంది. నేను అన్నం తిని, పెరట్లో బట్టలు ఉతుక్కోవడానికి వెళ్ళాను. కాసేపటికి బ్లాస్టింగ్ అయింది. అది రోజూ అయ్యేదే కాబట్టి నేను తల కూడా ఎత్తలేదు.

సాయంత్రం సైరన్ మోగినా నాయిన లేవలేదు. మామూలుగా ఆ సైరన్‌కే లేచి చాయ్ అడుగుతాడు. "అలిసిపోయిండు, పండుకోనియ్యి" అంది అమ్మ. చాయ్ చల్లారింది. మళ్ళీ వేడి చేసింది. అదీ చల్లారాక తలుపు దగ్గరికి పోయి మెల్లగా పిలిచింది, తర్వాత గట్టిగా పిలిచింది. కూలర్ చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను భుజంతో తోశాను, తలుపు ఇంకా బిగుసుకుంది. పక్క క్వార్టరులో ఉండే కాక పరుగెత్తుకొచ్చి, గడ్డపారతో తలుపును బందుల వైపు నుంచి పెకిలించాడు. బందులు ఊడి, తలుపు చెక్క చీలి, మేం లోపలికి పోయాం. అడ్డకర్ర మాత్రం నిలబెట్టినట్టే నిలబడి ఉంది. నాయిన మంచం మీద లేడు. తలుపు దగ్గర నేల మీద ఒక పక్కకు పడి ఉన్నాడు. కుడి చెయ్యి కర్ర మొదలు దగ్గర ఉంది.

దవాఖానలో డాక్టరు చూసి, గుండె ఆగిపోయిందన్నాడు. "జర జల్ది తెస్తే చూద్దుముండె" అన్నాడు తల దించుకుని. ఆయన మంచి మనిషి, మెల్లగానే అన్నాడు. కానీ అమ్మకు వినిపించింది.

దినాలు అయిపోయి చుట్టాలంతా వెళ్ళాక అమ్మ నాకు ఆ సంగతి చెప్పింది. "బ్లాస్టింగ్ అయినంక కొద్దిసేపటికి లోపల టక్ టక్‌మన్నది బిడ్డా. రెండు సార్లు. కర్ర మాట్లాడుతున్నదని అనుకున్న."

"కర్రనే అయితది" అన్నాను వెంటనే.

"కర్రనేనా?"

"మరేందే. బ్లాస్టింగ్‌కు అది సప్పుడు చెయ్యదా?"

నాకు తెలియదు. తెలియకుండానే అంత గట్టిగా చెప్పాను. ఆమె మళ్ళీ ఎప్పుడూ నోరు తెరిచి అడగలేదు. కానీ ఆ మర్నాటి నుంచి ఇంట్లో తలుపులు మూయడం మానేసింది. విరిగిన తలుపు స్థానంలో కొత్తది పెట్టించాం, అదీ ఎప్పుడూ గోడకు ఆనుకునే ఉండేది. ఊర్లో ఎవరి ఇంటికి పోయినా లోపల మూసిన తలుపు కనిపిస్తే అమ్మ చూపు అక్కడే ఉండిపోయేది. ఒకసారి ఎదురింట్లో రాత్రి షిఫ్టు మనిషి పడుకుంటే పోయి తలుపు కొట్టి లేపిందట. అతని భార్య మొదట తిట్టి, తర్వాత ఆమె ముఖం చూసి చాయ్ ఇచ్చి పంపింది. నాకు కోపం వచ్చేది, జాలి వేసేది, రెండింటికీ మధ్య ఏడుపు వచ్చేది. ఆ రెండు చప్పుళ్ళు ఎవరివో తేలితే తప్ప ఆమెకు నిద్ర లేదని నాకు తెలుసు. ఎట్లా తేలుస్తాను?

నాయిన స్థానంలో కంపెనీ నాకు ఉద్యోగం ఇచ్చింది కాబట్టి క్వార్టరు మాకే ఉండిపోయింది. మొన్నటి వేసవిలో నన్ను శిక్షణకు వేరే ఊరు పంపుతామన్నారు. లాడ్జిలో గది. లాడ్జి గడియల మీద నాకూ నమ్మకం లేదు, ఇది మాత్రం అచ్చంగా ఆయన పోలికే. ఆఫీసులో అక్క ఒకామె తన ఫోనులో ఒక వస్తువు చూపించింది. తలుపుకు లోపలి నుంచి అడ్డం పెట్టే ఇనుప గొట్టం. మడిచి సంచిలో పెట్టుకుని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. తెప్పించుకున్నాను.

కొరియర్ వచ్చిన రోజు నేనింట్లోనే ఉన్నాను. అట్టపెట్టె విప్పి గొట్టాన్ని సాగదీశాను. పైన పంగ, కింద రబ్బరు కాలు. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూసింది. నేను దాచి ఉంచాల్సింది అనుకున్నాను.

"మీ నాయిన కర్ర లెక్కనే ఉంది" అంది.

"ఊ."

"ఇది సప్పుడు చేస్తదా?"

"చెయ్యదే. ఇనుముది గద."

అమ్మ దాన్ని పక్కన పెట్టి, లేచి, తన మంచం కిందికి వంగింది. పాత దుప్పటి చుట్టిన పొడుగాటి మూట ఒకటి బయటికి లాగింది. విప్పితే నాయిన అడ్డకర్ర. ఆ కర్రను ఎప్పుడో పొయ్యిలో పెట్టి ఉంటారనుకున్నాను. గమ్‌బూటు రబ్బరు ఎండి పగిలింది, చెక్క ముక్కను మాత్రం దారంతో కర్రకు కట్టి దాచింది.

"లోపటికి పోయి దీన్ని పెట్టు బిడ్డా. మీ నాయిన పెట్టినట్టే పెట్టు."

"ఎందుకే ఇప్పుడు?"

"పెట్టు."

లోపలికి పోయి, ఆ ఇంట్లో అన్నేళ్ళకు మొదటిసారి తలుపు మూశాను. కర్ర ఆనించి, చెక్క ముక్కను దిగగొట్టాను. అమ్మ అవతల నేల మీద కూర్చున్న చప్పుడు వినిపించింది, అదే చోట. బ్లాస్టింగ్ అయ్యేదాకా ఆగమంది. ఉక్కపోతలో చీకట్లో కూర్చున్నాను. కూలర్ వేయనివ్వలేదు.

బ్లాస్టింగ్ అయింది. గోడలు అదిరాయి, అవతల గ్లాసులు గలగలమన్నాయి. కర్ర మీద బరువు పడి, కిర్రుమని సన్నగా ఒక మూలుగు మూలిగింది. ఒక్కటే, సాగదీసినట్టు.

"గిది కాదు" అంది అమ్మ అవతలి నుంచి. "ఇప్పుడు నువ్వు కొట్టు."

ఆ రోజు విన్న చప్పుడు కర్రదో నాయినదో అమ్మ పోల్చి చూసుకుంటోందని నాకు అప్పుడు అర్థమైంది. అబద్ధం ఆడటానికి ఒక్క దారి మిగిలింది, వేరే చప్పుడు చెయ్యడం. లేచి, అరచేత్తో తలుపు చెక్క మీద దబదబా బాదాను.

"గిది గూడ కాదు" అంది. ఆ మాటతో నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇక తలుపు తీస్తానన్నాను.

"ఆగు. కర్రను కొట్టు. కింద కూసోని కొట్టు."

కింద కూర్చున్నాను. నాయిన పడి ఉన్న చోటే. ఆ చోటు నుంచి చెయ్యి చాపితే తలుపు చెక్క సరిగ్గా అందదు, అందేది కర్ర మొదలే. కొట్టకుండా ఉండిపోదామనుకున్నాను. కొట్టకపోతే అదే జవాబు అవుతుంది. వేలి కణుపుతో, ఆయన మంచం కోడును కొట్టినట్టు, రెండుసార్లు కొట్టాను. టక్ టక్.

అవతల గాజుల చప్పుడు ఆగింది. "అమ్మా" అన్నాను.

అప్పుడు తలుపు దద్దరిల్లింది. అమ్మ రెండు చేతులతో తలుపు కొడుతోంది. జీవితంలో ఒక్కసారి కూడా ఆ గది తలుపు కొట్టని మనిషి, ఇల్లంతా అదిరేలా బాదుతోంది. "తియ్యి! జల్ది తియ్యి! నేనున్న, ఈడనే ఉన్న, తియ్యి!" ఆమె పిలుస్తున్నది నన్ను కాదు. పక్క క్వార్టర్ల నుంచి జనం వస్తున్న అడుగుల చప్పుడు వినిపిస్తోంది. నేను నేల మీద చతికిలబడి, కర్ర కాలి కింది చెక్క ముక్కను మడమతో, అరచేత్తో, చేతికి దొరికిన దానితో కొడుతున్నాను. అమ్మ తోసిన కొద్దీ అది ఇంకా బిగుసుకుంటోంది. "వస్తున్ననే, వస్తున్న" అని అరుస్తూనే ఉన్నాను.