ఏబేలు చిన్నాయన భాగహారం

మా ఏబేలు చిన్నాయన ఐదో తరగతితో బడి మానేసి, మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్ళు పనిచేశాడు. తెల్లచార పడ్డ రాతిపలకల్ని ఏరి పక్కన పడేయడమే ఆయన పని. ఆయన చెయ్యి దాటి ఒక్క చార పలక కూడా లారీ ఎక్కలేదని పేరు. ఏరేసినవాటిలో కొన్ని ఇంటికి తెచ్చుకునేవాడు.

పదకొండేళ్ళ కింద నేను బి.ఎడ్. చదువుతూ సెలవులకు వచ్చాను. "ఏంది లీదియమ్మా మీ పెద్ద లెక్కలు? భాగహారం కంటే పెద్దదేముంటది?" అని ఒకటే సతాయింపు. నాకు ఒళ్ళు మండింది. గోడకు ఆనించిన పలక ఒకటి లాక్కుని, బలపంతో వరసగా ఒకట్లు రాసిచ్చాను. "ఇది సంయుక్త సంఖ్య. ఒకటీ, తనూ కాక ఇంకో అంకె దీన్ని శేషం లేకుండా భాగిస్తది. దాన్ని పట్టుకో చూద్దాం" అన్నాను. సులువు కూడా చెప్పాను: ఒకటికి ముప్పైనాలుగు చొప్పున కలుపుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట అది తగులుతుంది. ఎన్ని ఒకట్లు రాశానో మాత్రం చెప్పలేదు. నోరు మూయించడానికి ఇచ్చిన లెక్క, అంతే.

ఆయన నిజంగానే పట్టుకున్నాడు. మూడుతో, ఐదుతో పోయే అంకెల్ని వదిలేసి, రోజుకు ఎనిమిదో తొమ్మిదో భాగహారాలు. నోటు పుస్తకాలు మంచం కిందికి చేరాయి. "రాతిదుమ్ము చాలదని ఈ అంకెల దుమ్మొకటి!" అని సుశీలమ్మ చిన్నమ్మ నెత్తి కొట్టుకునేది. ఫోన్లో చూసి చెప్పనా అంటే కసిరేవాడు. "నోరు ముయ్యి. నా చేతికే తగలాల."

ఆ రాతిదుమ్మే ఊపిరితిత్తులు తినేసింది. ఈ వేసవిలో మంచం పట్టాడు. నెల మించదన్నాడు ఒంగోలు డాక్టరు. అప్పుడు నన్ను పిలిపించాడు.

"ఇంక నా వల్ల కాదు లీదియమ్మా. ఆ అంకె ఏందో చూసి చెప్పు. అది తెలిస్తే నిమ్మళంగా పోతా."

మొదటి నోటు పుస్తకంలో ఆయన ఎక్కించుకున్న సంఖ్యను ఫోన్లో కొట్టాను. ప్రధాన సంఖ్య అని వచ్చింది. అంటే, దేనితోనూ భాగం పోదు! ఒకట్లు లెక్కపెట్టాను. పంతొమ్మిది. నేనిచ్చింది పదిహేడు కదా!

బైబిలు పక్కన దాచుకున్న ఆ పలకను తీసి తడిగుడ్డతో తుడిచాను. నేను రాసిన ఒకట్లన్నీ పోయాయి. చివర రెండు పోలేదు. ఎంత రుద్దినా పోలేదు. అవి రాతిలోని తెల్లచారలు.

పదిహేడు ఒకట్లు కొడితే జవాబు వెంటనే వచ్చింది: 2071723. పుస్తకాలు తిరగేశాను. పోయిన డిసెంబరు పేజీలో అదే అంకె. కింద పొందికైన భాగహారం. చివర్న, శేషం 11. ఆ రెండు చారలు కలవకపోయి ఉంటే ఆ రోజే సున్నా వచ్చేది. పదేళ్ళు నడిచి సరిగ్గా గడప దాకా వచ్చి, గుర్తుపట్టక దాటిపోయాడు మనిషి. నా పాపిష్టి చెయ్యి!

అబద్ధం చెబుదామనుకున్నాను. ఆ పేజీ చూశాక నోరు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

"యాడ తప్పినా?" అన్నాడు.

"నీ భాగహారంలో ఒక్క తప్పు లేదు చిన్నాయనా. నేనే చార పలక మీద రాసిచ్చినా."

పలక అడిగి తీసుకున్నాడు. ఆ రెండు చారల మీద బొటనవేలు పెట్టి చాలాసేపు రుద్దాడు.

"నీకేం తెలుసులేమ్మా, నువ్వు రాయి పని చేసినదానివా? నాకు గదా కనపడాల్సింది."

ఆ అంకె ఏమిటని మళ్ళీ అడగలేదు. నేను లేస్తుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"ఫ్యాక్టరీలో ఎవరికీ చెప్పబాకమ్మా."