తోక ఉన్న ఓడ

మా పక్కింటి మామ పోయాడు. దుకాణం తాళం తీస్తుంటే గోడ అవతల అత్త ఏడుపు వినిపించింది. ఉరికాను. రాయచూరు దవాఖానకు తీసుకుపోదామని మామ తమ్ములు ఆటో మాట్లాడి వచ్చేలోపే ఊపిరి ఆగిపోయిందట. ఇన్నాళ్లూ పీడించిన దగ్గు పోయింది, దాంతోపాటు మనిషీ పోయాడు.

మామ అంటే నాకు చుట్టం కాదు. గద్వాలలో మా నేతగాళ్ల వీధిలో పెద్దవాళ్లంతా మామలూ అత్తలే. ఈయన మాత్రం రోజూ నా కంప్యూటర్ల దుకాణానికి వచ్చి కూర్చునే మామ. అందుకే పాడె కడుతున్న చోట కూడా ఒకాయన ఆ మాట అననే అన్నాడు: ముసలితనంలో ఆటల పిచ్చి పట్టి మగ్గం మరిచిపోయాడని. నా ఒళ్లు మండింది. మగ్గం మీద కూర్చోవాలంటే పడుగు ఉండాలి కదా? ఆ పడుగు ఇచ్చేది ఎవరు? మన అంచే, మన బుటానే, మరమగ్గం మీద చవగ్గా దిగుతుంటే సావుకారి ఈయనకు పట్టూ నూలూ ఎందుకిస్తాడు? రేపు రా, ఎల్లుండి రా అని తిప్పి తిప్పి, చివరికి రావద్దనే చెప్పాడు. శవం ముందు గొడవెందుకని నోరు మూసుకున్నాను. ఇక్కడ రాస్తున్నాను.

మగ్గం సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. పడుగంటే చీర పొడవునా సాగే నిలువు పోగులు. ఒక పడుగు నేయడం అయిపోయినా నేతగాడు దాన్ని మొత్తం కోసేయడు. మూరెడు తోక మగ్గం మీదే వదులుతాడు. కొత్త పడుగు వచ్చాక వేళ్లకు బూడిద అద్దుకుని, పాత పోగుకు కొత్త పోగు మెలిపెట్టి, ఒక్కొక్కటే అతుకుతారు. మామ ఇంట్లో ఆ పని అత్తది. తోక ఉంటే మగ్గం బతికి ఉన్నట్టు. అది తెగితే వేల పోగులు మళ్లీ మొదటినుంచి ఎక్కించాలి, ఆ ఓపిక ఎవరికీ ఉండదు. ఆఖరి చీర దింపాక మామ తన మగ్గం మీది తోకకు పాత ధోతి కప్పి పెట్టాడు. ఎలుకలు కొరకకుండా, దుమ్ము పట్టకుండా. కొత్త పడుగు వస్తుందని ఆయన నమ్మకం. ఆ ఒక్క నమ్మకం మీదే మనిషి నిలబడి ఉన్నాడు.

మొదట్లో దుకాణం గడప దగ్గరే నిలబడి చూసేవాడు. నా కంప్యూటర్లలో ఒక ఆట ఉండేది. ఆకాశంలో పగిలిపోయిన ఓడల ముక్కలు తేలుతుంటాయి. ఒకదాని ఇంజను, ఇంకొకదాని రెక్క ఏరుకొచ్చి, అతికి, మన ఓడ మనమే కట్టుకోవాలి. దానితో బండరాళ్ల వలయం దాటి అవతలికి పోవాలి. మామకు అది నచ్చింది. కానీ మొదటి ముక్క ముట్టుకోవడానికి ఎంతసేపు వెనకాడాడో!

"ఎవరి సామానిది బిడ్డా? అడగకుంట తీస్కోవచ్చునా?" అన్నాడు.

ఆ ఓడల వాళ్లంతా ఎప్పుడో చచ్చిపోయారు మామా, తీసుకో అన్నాను. అయినా మగ్గం మీద పోగు నడిపే నాడెను కళ్లకద్దుకున్నట్టు మౌసును కళ్లకద్దుకున్నాకే మొదలుపెట్టాడు. ఆ అలవాటు చివరిదాకా పోలేదు.

మిగతావాళ్లు కట్టే ఓడలు తుక్కు బండ్లలా ఉండేవి. మామ అలా కాదు. అంచుకు అంచు కలవనిదే ముక్క అతికేవాడు కాదు. సరైన రెక్క దొరికేదాకా ఆ ఆకాశపు చీకటంతా వెతికేవాడు. నూలు చీర ఒంటికి పట్టు కొంగు కలిపిన మనిషికి అతుకు కనపడితే చిన్నతనం కదా. మధ్యలో కరెంటు పోయి కట్టిందంతా మాయమైతే నేను కరెంటోళ్లను తిట్టేదాన్ని. ఆయన తిట్టేవాడు కాదు. తెగిన పోగు మీద కోపమెందుకు, ముడేసుకునుడే అనేవాడు. నిజం చెప్పాలంటే ఆ ఓర్పు చూస్తే నాకు ఇంకా మండేది.

ఆయన చేసే తప్పు ఒకటే, దాన్నే మళ్లీ మళ్లీ చేసేవాడు. ఓడ పగిలితే అందరూ మిగిలిన ముక్క పారేసి కొత్తగా కడతారు. మామ పారేయడు. పాత ఓడ తోకకే కొత్త ఓడను అతుకుతాడు. అది పగిలితే దాని తోకకు ఇంకొకటి. ఆ తోకల బరువుకు ఇంధనం సగం దారిలోనే అయిపోయేది. ఓడ రాళ్లలో పడి పగిలేది. నీది ఓడ కాదు మామా, గుంజతో సహా పీక్కొని ఉరికే బర్రె అని ఏడిపించేదాన్ని. నవ్వేవాడు. ఒకరోజు గట్టిగానే చెప్పాను, ఆ తోకతో పనేం లేదు, కోసెయ్ అని.

"తోక కోస్తే కొత్తది దేనికి అతకాలె?" అన్నాడు.

ఇక్కడ దేనికీ అతకనక్కర్లేదు, ఓడ దానంతటదే నిలబడుతుంది అన్నాను. మామ తల అడ్డంగా ఊపాడు. ఏదీ ఒంటిగా నిలవదు అన్నాడు.

ఆ మధ్య వనపర్తి నుంచి ఒక బట్టల వ్యాపారి వచ్చి, ఓ పడుగు పంపిస్తానన్నాడు. అత్త పొయ్యిలో బూడిద జల్లెడ పట్టి డబ్బాలో పోసి పెట్టింది. మామ మగ్గం మీది ధోతి తీసి దులిపి, మళ్లీ కప్పాడు. బస్సు వచ్చినప్పుడల్లా స్టాండుకు పోయి చూసేవాడు. రోజులు గడిచాయి. చివరికి తానే వనపర్తి పోయి, ఆ సాయంత్రం వట్టి చేతులతో వచ్చాడు. ఇంటికి కాదు, నేరుగా నా దుకాణానికి. మొహం చూస్తేనే తెలిసింది, పడుగు రాదని.

ఆట తెరిచాడు. తోకలన్నీ ఒక్కసారే కోసేశాడు. ఓడ సర్రున పోయింది. రాళ్ల వలయం దాటింది. అవతల ఇంకేమీ లేదు, నల్లటి ఆకాశం, అంతే. దాటినవ్ మామా అన్నాను.

"అవ్ బిడ్డా. ఇగ ఎనక పట్టుకునేటిదేం లేదు."

మౌసును కళ్లకద్దుకుని లేచాడు. మళ్లీ నా దుకాణానికి రాలేదు. ఇంటికి పోయి అత్తను కత్తి అడిగాడట. ధోతి తీసి మగ్గం మీది తోక తానే కోశాడట. ఆ తర్వాత మంచం పట్టాడు.

బరువు దిగి హాయిగా పోయాడని ఓదార్చేవాళ్లు ఉన్నారు. నాకైతే అలా అనిపించడం లేదు. ఆయన పుణ్యమా అని పాడైన కీబోర్డును కూడా పారేసే ముందు ఇది దేనికి పనికొస్తుందని తిప్పి చూడటం నేర్చుకున్నాను. అందుకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. కానీ ఆయన చేతులు దేనికి పనికొస్తాయని ఎవరూ తిప్పి చూడలేదు. మా వీధిలో ఇంకో మగ్గం చప్పుడు ఆగింది, అంతే. అది మళ్లీ మొదలవుతుందన్న ఆశ నాకు లేదు.

పదో దినం అయ్యాక ఆయన తమ్ములు మగ్గం విప్పేశారు. అది గుంట మగ్గం. నేసేవాడు నేల మీద కూర్చుని కాళ్లు గుంటలోకి వేలాడేస్తాడు. ఆ గుంటను చేలోంచి తెచ్చిన చెలక మట్టితో పూడ్చారు. నిన్న నేను పోయేసరికి మట్టి దిగి పల్లమైంది. అత్త ఇంకో తట్ట మట్టి తెచ్చింది. ఇద్దరం పోశాం. నీళ్లు చల్లి, చెక్కతో కొట్టి చదును చేశాం.

"నిండిందా బిడ్డా?" అంది.

నిండింది అత్తా అన్నాను. ఇద్దరం చూస్తుండగానే నడిమిట్ల మట్టి మెల్లగా కిందికి దిగుతోంది.