బొగ్గు బస్సులో వనభోజనం

మా మామగారికి పోస్టులో ఒక ఇంగ్లీషు పత్రిక వచ్చేది. అందులో ఒక తెల్లవాడు కారు వెనక ఇల్లు తగిలించుకుని పోయి, పెళ్లాంతో చెరువు గట్టున కుర్చీ వేసుకుని కూర్చున్న బొమ్మ పడింది. ఆ బొమ్మే మా ఇంటికి పట్టిన శని. చిత్తూరులో పేరున్న వకీలు, యాభై అయిదేళ్ల మనిషి, ఆరు నెలలు ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని తిరిగారు. అవతలి పక్షం వకీలుకు చూపించారు, గడ్డం గీసే మంగలికి చూపించారు, చివరికి మూలపడిన బస్సు ఒకటి పాత ఇనుము కింద కొని ఇంటి ముందు నిలబెట్టారు.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులన్నీ బొగ్గు గ్యాసు మీద నడిచేవి. బండి వెనక నిలువెత్తు ఇనప పొయ్యి ఉంటుంది. అందులో బొగ్గులు పోసి, పిడి పట్టి అరగంట తిప్పితే గానీ బస్సుకు ప్రాణం రాదు. వచ్చినా ఎక్కాల్సిన గట్టు కనిపిస్తే మళ్లీ పోతుంది. అలాంటి బస్సులో సీట్లు పీకించి, వడ్రంగి చేత పడుకునే బల్లలు కొట్టించి, వెనక భాగం అడ్డం కట్టి వంటగది చేయించారు. నెత్తిన నీళ్ల పీపా, పీపా నుంచి వంటగదిలోకి గొట్టం, గొట్టానికి ఇత్తడి కొళాయి. అప్పటికి మా ఇంట్లో కొళాయి లేదు. అత్తగారూ నేనూ బావిలో చేదుకుని మోసేవాళ్లం. తాను దూర కంత లేదు, మెడకో డోలు అని ఊరికే అనలేదు పెద్దలు.

నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. కాపురానికి వచ్చి రెండేళ్లయింది. మంచి కోడలు అన్న పేరు కోసం ప్రాణం పెట్టే వయసు, ఆ పేరు వచ్చేసిందని కూడా నాకు గట్టి నమ్మకం.

కార్తీకమాసంలో లోకమంతా ఒక పూట వనభోజనం చేస్తే మనం నాలుగు రోజులు చేద్దామని మామగారు ప్రకటించారు. పుత్తూరు దాటిన తరువాత కొండల్లో ఒక కోన ఉంది. దాని పేరు రాయను. రాస్తే ఇప్పుడు కూడా పొట్లాలు కట్టుకుని బయలుదేరే జనం ఉన్నారు. కింద ఒక మడుగు, అక్కడినుంచి రాళ్ల మీద కాలిబాట పట్టి కోసు దూరం ఎక్కితే పైన ఇంకో మడుగు, ఆ పై మడుగులోకి కొండ మీదినుంచి నీళ్లు పడతాయి. మామగారి స్నేహితులు ఇద్దరు వస్తామన్నారు. ఇద్దరూ సర్కారు కచేరీలో ఉద్యోగాలు చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాళ్లు. విశ్రాంతి దేనినుంచో వాళ్లు ఎన్నడూ చెప్పలేదు. నా భర్తను రమ్మని అడగలేదు, వస్తాడని అందరికీ తెలుసు. తండ్రి తల ఊపితే ఆయనా ఊపేవాడు.

ఈ ప్రయాణం మీద నిజంగా ఆశ పెట్టుకున్న మనిషి అత్తగారు ఒక్కతే. ఆమె పుట్టిల్లు కార్వేటినగరం దగ్గర. చిన్నప్పుడు వానలు పోయిన తరువాత మిద్దె ఎక్కితే, దూరంగా కొండ మీద తెల్లటి గీత ఒకటి కనిపించేదట. అవి ఈ కోనలో పడే నీళ్లని, వాటి కింద నిలబడి స్నానం చేస్తే బాగుంటుందని ఎవరో చెప్పారట. తొమ్మిదో ఏట పెళ్లయింది, ఆ మాట అక్కడే ఆగిపోయింది. బస్సుకు పసుపూ కుంకుమా పెడుతూ ఆమె ఈ సంగతి నాకు చెప్పింది. నేను కాపురానికి వచ్చినప్పటినుంచీ తనకేదైనా కావాలని ఆమె నోటివెంట వచ్చిన మాట నేను విన్నది అదొక్కటే.

బయలుదేరిన రోజు సంగతి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. గట్టు వచ్చిన ప్రతిచోటా అందరం దిగాం. ఇల్లు మనల్ని మోస్తుందనుకుంటే మనమే ఇంటిని తోశాం. మామగారు తోయలేదు. పత్రిక చుట్టి పట్టుకుని ఎటు తోయాలో చూపించారు. కోన చేరేసరికి స్నేహితుల పంచెలు కుమ్మరి బట్టీలో ఉతికినట్టున్నాయి. అయినా దిగగానే ఇద్దరూ ప్రకృతి గురించి మాట్లాడారు. డ్రైవరు మాత్రం మాట్లాడకుండా బకెట్లతో మడుగు నీళ్లు మోసి, నిచ్చెన ఎక్కి పీపా నింపాడు. మామగారు కొళాయి తిప్పి, పడుతున్న నీళ్లను అందరికీ చూపించారు.

అత్తగారు ఒక్క ప్రశ్న అడిగింది.

"ఆ పీపాలో నీళ్లు ఎవురు పోసినారు?"

మాది మడి ఇల్లు. స్నానం చేసి, తడిబట్టతో ఎవరినీ తాకకుండా, చేతులారా తెచ్చుకున్న నీళ్లతో వండితేనే ఆమె లెక్కలో వంట. డ్రైవరు పోసిన నీళ్లు పనికిరావు. తోలు తగిలితే మైల కాబట్టి, తోలు పట్టీలు, రెక్సిను గుడ్డ ఉన్న బస్సులో పొయ్యి వెలిగించడానికీ లేదు. ఆ మడిని నేనిప్పుడు వెనకేసుకురాను. ఆ డ్రైవరు మా మగవాళ్లందరికన్నా శుభ్రమైన మనిషి. కానీ ముప్పై అయిదేళ్లు ఆ మడి వంటే తింటూ, మడి తప్పితే విస్తరి ముందు నుంచి లేచిపోయే మామగారికి, బస్సును ఇల్లు చేయించేటప్పుడు ఆ సంగతి ఒక్కసారి కూడా తోచలేదు. కోర్టులో కామా తప్పు పడిందని కేసు గెలిచిన బుర్ర అది.

"సరే, నీళ్లు మీరే తెచ్చుకోండి, ఎంత దూరముండాది" అన్నారు మామగారు.

అలా కొళాయి ఉన్న ఇంటి ముందు, ఎండలో, ఉసిరిచెట్టు కింద మూడు రాళ్లు పెట్టుకుని, కింది మడుగునుంచి బిందెలతో నీళ్లు మోసుకుని వండాం. వంటగది ఖాళీగా ఉంది కాబట్టి మగవాళ్లు అందులో పేకాట పెట్టుకున్నారు. ఆ కొళాయి చేతులు కడుక్కోవడానికి వాళ్లకు బాగా పనికొచ్చింది.

రెండో రోజు పొద్దున మగవాళ్లు నలుగురూ చేతికర్రలు పట్టుకుని పై మడుగుకు పోయారు. అత్తగారు కూడా చీర కచ్చ బిగించి నిలబడింది. ముందు దారి ఎట్లుందో చూసివస్తామని, ఆడవాళ్లను రేపు తీసుకుపోతామని మామగారు చెప్పారు. తిరిగి వచ్చి తిన్న తిండి ఒక పెళ్లివారి బంతికి సరిపోయేది. అడవిలో ఆకలెక్కువట. పులుసన్నం మూడోసారి పెట్టించుకుంటూ, నీళ్లు ఎంత ఎత్తునుంచి పడుతున్నాయో ఒకాయన చేయెత్తి చూపించాడు. ఇంకొకాయన ఇంగ్లీషులో వర్ణించాడు. ఆ ఇంగ్లీషు ఎవరి కోసమో నాకర్థం కాలేదు. అత్తగారు వడ్డిస్తూ ప్రతి మాటా విన్నది. కిందినుంచి ఎంతసేపు పట్టిందని ఒక్కటే అడిగింది. మజ్జిగ పొయ్యమన్నారు.

మూడో రోజు ఇంగ్లీషాయన మడమకు బొబ్బ లేచింది. ఒక మనిషి బొబ్బకు ముగ్గురు మగవాళ్లు తోడు పడుకున్నారు. డ్రైవరు మాత్రం అత్తగారి దగ్గరికి వచ్చి, కాస్త దూరంగా నిలబడి, దారి మంచిదే, తానైతే కట్టెల కోసం పొద్దునే పోయి వచ్చానని చెప్పాడు. "మీరు పోగలరు తల్లీ. సిన్నగా ఎక్కితే సాలు" అన్నాడు. ఆమెను లెక్కలోకి తీసుకుని మాట్లాడిన మొగవాడు ఆ నాలుగు రోజుల్లో అతనొక్కడే.

నాలుగో రోజు పొద్దున కాఫీ తాగుతూ మామగారు తీర్పు చెప్పారు. మరుసటి రోజు తెల్లవారుజామునే ప్రయాణం. ఈ రోజు అందరూ అలిసిపోయి ఉన్నారు, పైకి వద్దు.

"కింద మడుగు చూసినారు కదా. పైన కూడా అవే నీళ్లు. ఇంట్లో ఉండే సౌకర్యాలన్నీ ఈడ పెట్టినాను, ఇంకేం కావాల మీకు?"

నా భర్త తల ఊపాడు. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి అని నేను మనసులో అనుకున్నాను. మనసులో నేను చాలా అనుకునేదాన్ని.

అత్తగారు లేచి కాఫీ గ్లాసులు కడిగి బోర్లించింది. నేను పొయ్యి రాజేసి ఎసరు పెట్టాను. ఇద్దరం బిందెలు తీసుకుని కింది మడుగుకు పోయాం. తెల్లవారుజామునే ఒకసారి మునిగినా మళ్లీ స్నానాలు చేశాం, తడి చీరలతోనే బిందెలు నింపాం. నేను నా బిందె చంకకు ఎత్తుకున్నాను. ఆమె తనది ఎత్తుకోలేదు. కాలిబాట వైపు చూస్తూ నిలబడింది.

"బిందె ఆడ పెట్టు. పైకి పోయి వస్తాం రా" అన్నది.

 పోవాలని నాకు మాత్రం లేదా? మూడు రోజులుగా ఆ నీళ్ల చప్పుడు వింటూ ఉల్లిపాయలు లేని సాంబారు కలుపుతున్నాను. కానీ నా నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"ఎసరు పెట్టి వచ్చినాను అత్తా."

"కాగనీ."

"పన్నెండుకంతా అన్నం కావాల కదా. మామగారు అరుస్తారు."

ఆమె కాసేపు నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. పిలిచి పొరపాటు చేశానేమో అన్నట్టు ఉంది. తరువాత కచ్చ ఇంకోసారి బిగించి, పక్కన పడి ఉన్న కట్టె ఒకటి తీసుకుని, రాళ్ల మీద నెమ్మదిగా ఎక్కడం మొదలుపెట్టింది. యాభై ఏళ్ల మనిషి, తడి చీరతో, ఒంటరిగా. మొదటి మలుపు దగ్గర చెట్ల వెనక్కి పోయింది. ఒక్కసారి వెనక్కి తిరుగుతుందని చూశాను. తిరగలేదు.

నేను బిందె మోసుకుని వచ్చి అన్నం వండాను. పప్పు, చింతకాయ పచ్చడి, చారు. పన్నెండుకల్లా విస్తర్లు వేశాను. అత్తగారు మడుగు దగ్గర పూజ చేసుకుంటున్నారని అబద్ధం చెప్పాను. అంత సాహసం కూడా అక్కర్లేకపోయింది, ఎవరూ అడగలేదు. చారు రెండుసార్లు పోయించుకున్నారు. బల్లల మీద గుర్రు పెట్టారు. తల్లి ఎక్కడుందన్న ఆలోచన కొడుక్కీ రాలేదు, పెళ్లాం ఎక్కడుందన్న ఆలోచన మొగుడికీ రాలేదు. దారి మీద కాలు జారి పడిందేమోనని ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చున్నది నేనొక్కదాన్నే. అయినా లేచి పోయి చూడలేదు. మూడు గంటలకు కాఫీ అడుగుతారు.

కాఫీ వేళకు ఆమె వచ్చింది. జుట్టు విడిపోయి నీళ్లు కారుతోంది. మోకాలి కింద చీర చిరిగింది, బొటనవేలి గోరు లేచి రక్తం గడ్డకట్టింది. ఇవేవీ తనవి కానట్టు నడిచి వచ్చి ఉసిరిచెట్టు కింద కూర్చుంది. ముఖంలో వయసు లేదు. అలాంటి ముఖం నేను అంతకుముందు ఆమెకు చూడలేదు.

ఇంతసేపు యాడికి పోయినావని మామగారు అడిగారు. పైకి అన్నది. ఆయన స్నేహితుల వైపు తిరిగి నవ్వారు. చేతికర్రలు పట్టుకుని మనమే ఆయాసపడ్డ దారి, ఈమె పోయి వచ్చిందట అన్నారు. వాళ్లూ నవ్వారు.  నమ్మించాల్సిన అవసరం ఆమెకు కనిపించినట్టు లేదు. ఈ రోజు నీ కోడలు ఒంటిచేత్తో వండింది, నీకన్నా బాగా వండింది అని కూడా ఆయన చెప్పారు. సిగ్గులేని దాన్ని, ఆ మాటకు నాకు సంతోషం కలిగింది.

సాయంత్రం ఆమె చిరిగిన చీర పిండి ఆరేస్తుంటే రెండో కొస పట్టుకోవడానికి నేను పోయాను. మెల్లిగా అడిగాను, పైన ఎట్లుండాది అత్తా అని.

ఆమె కొస నా చేతికి ఇవ్వలేదు. తానే రెండు కొమ్మలకు కట్టుకుంది.

"అన్నం బాగా వండినావంట కదా. నీకది చాల్లే" అన్నది.

తిట్టినా బాగుండేది. మామగారి మీద, ఆ ఇద్దరు పెద్దమనుషుల మీద, నా మొగుడి మీద నాలుగు రోజులుగా మనసులో నేను విసిరిన ప్రతి మాటా ఆ ఒక్క క్షణంలో నాకే వచ్చి తగిలింది. వాళ్లు ఆమెను ఆపారు. నన్ను ఎవరూ ఆపలేదు.

ఆ తరువాత ఆమె పన్నెండేళ్లు బతికింది. చివరి రెండేళ్లు మంచంలో ఉంటే ఒళ్లు తుడిచింది, గంజి పట్టింది నేనే. ఆ నీళ్ల గురించి ఆమె ఎదురింటావిడకు చెప్పేది, పూలు తెచ్చే ఆమెకు చెప్పేది, అడిగితే డ్రైవరు పెళ్లానికి కూడా వాకిట్లో కూర్చోబెట్టి చెప్పేది. నేను గడప దాకా వస్తే మాట మార్చేది.