బరువెక్కాక చూడాల్సిన మట్టం

మా తమ్ముణ్ణి అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ వాడు రసమట్టం. చాలా ఏళ్ళు తాపీ మేస్త్రీగా గోడలు కట్టి, తర్వాత బళ్ళ కింద దూరి కమాన్లూ షాకబ్జార్బర్లూ బాగుచేసే మెకానిక్ అయ్యాడు. తాపీని వదిలేశాడు గానీ రసమట్టాన్ని వదల్లేదు. గాజుగొట్టంలో బుడగ నడిమధ్యకి వస్తే తప్ప వాడికి అన్నం సహించదు. మా ఇంటికొస్తే నేను కంచం పెట్టేలోపే భోజనాల బల్ల మట్టం చూసి, ఓ కాలి కింద అట్టముక్క దూర్చి, అప్పుడు కూర్చుంటాడు. మొదటిసారి కలిసిన రోజున తన మొహం చూడకుండా గోడమీద వంకరగా ఉన్న గడియారాన్నే చూశాడని మా మరదలు ఇప్పటికీ దెప్పుతుంది.

మా ఆయన తేనెటీగలు పెంచుతారు. కింద పొలాల్లో పూత అయిపోయాక ఈగలకి తిండి ఉండదు, పెట్టెలన్నీ కొండమీదికి చేర్చాలి. రాళ్ళదారికి పనికొస్తుందని ఎత్తు పెంచిన పికప్ ఒకటి కొన్నాం. దాన్ని మాకు అంటగట్టిన మహానుభావుడు వెనక భాగం బాగా లేపి, ముందు భాగాన్ని గాలికొదిలేశాడు. బరువున్నా లేకపోయినా బండి ముక్కు నేలకేసి పెట్టుకుని ఉండేది. పోయినసారి కొండ దిగుతుంటే తాడు తెగి, పెట్టెలు ముందుకి జారి కేబిన్‌ని గుద్దాయి. బండి పక్క కాలవలోకి ఒరిగింది. మోచెయ్యి గీరుకుపోవడం తప్ప ఆయనకి ఏమీ కాలేదు. కానీ అప్పట్నుంచి ఆయన తాళంచెవి ముట్టుకోలేదు. దిగుడు తలుచుకుంటే తలకిందులుగా పడిపోతున్నట్టు ఉంటుందనేవారు.

నాకా స్టీరింగు పట్టడం రాదు. తమ్ముడికి ఒక్క ఈగ కుట్టినా ఒళ్ళంతా వాచిపోతుంది. డ్రైవర్ని పెట్టుకుందామంటే, పెట్టెల్లో ఏముందో తెలిశాక ఒక్కడూ మా గడప తొక్కలేదు. ఇంతలో కొండమీద పూలు విచ్చాయని కబురొచ్చింది. ఆయన గుమ్మంలో కూర్చుని, పెట్టెల్ని ఎవరికైనా ఇచ్చేద్దాం అన్నారు. పెళ్ళైన కొత్తలో నన్ను కూడా అంత ముద్దుగా చూసి ఎరగరు, ఆ పెట్టెల్ని చూసినంతగా. అవి పోతే ఈ మనిషి కూడా సగం పోయినట్టేనని నాకు భయం పట్టుకుంది. తమ్ముడికి ఫోన్ చేసి, నీ పనులన్నీ అవతల పారేసి రమ్మన్నాను.

వాడు అమ్మనీ మరదల్నీ వెంటబెట్టుకుని వచ్చి, బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ముక్కు లేపితే బావ భయం పోతుందన్నాడు. ముందు చక్రాల దగ్గర షాకబ్జార్బర్ తలకీ బండి చట్రానికీ మధ్య ఇనుప దిమ్మ ఒకటి పెడతారట, దాన్నే స్పేసర్ అంటారట. జాకీ పెట్టి బండిని లేపాడు, చక్రాలు ఊడదీశాడు, మసిబట్టిన మొహంతో సాయంత్రానికల్లా పూర్తిచేశాడు. రసమట్టం పెడితే బుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది. వాడి మురిపెం చూడాలి, బండిని వాడే కన్నట్టు.

పొద్దుగూకాక ఈగలన్నీ పెట్టెల్లోకి చేరాయి. పెట్టెల మూతులకి వలలు బిగించి, బండిలోకి ఎక్కించాం. మా బతిమాలుడు పడలేక ఆయన స్టీరింగు ముందు కూర్చున్నారు. ఇంజనైనా స్టార్టు చెయ్యకుండానే దిగిపోయారు.

"దారి కనపడట్లేదు. బానెట్టూ ఆకాశమూ, అంతే. నావల్ల కాదు, దింపేయండి" అన్నారు.

దింపేశాం. ఆయన లోపలికి వెళ్ళి పడుకున్నారు. నేను నా నోటికి పని చెప్పాను. అడిగినందుకు బుద్ధొచ్చిందనీ, నువ్వు ఒట్టి మొద్దువనీ తమ్ముణ్ణి కడిగేశాను. వాడు నేల మీద చతికిలబడి, ఖాళీ బండిని అలాగే చూస్తూ ఉండిపోయాడు.

కాసేపటికి నెమ్మదిగా చెప్పాడు. "గోడని చూసినట్టు చూశానక్కా. కట్టాక గోడ కదలదు. ఇది బరువెక్కితే వెనక కుంగుతుంది, ముక్కు లేస్తుంది. బరువుతో ఉన్నప్పుడు మట్టం చూడాల్సింది, ఖాళీగా ఉన్నప్పుడు చూశాను."

ఇన్నేళ్ళు బళ్ళ కింద దూరినా వాడిలోని తాపీ మేస్త్రీ చావలేదన్నమాట. నాకు కోపం పోయి నవ్వొచ్చింది.

మర్నాడు లేత్ షాపులో పల్చటి దిమ్మలు చేయించుకొచ్చి బిగించాడు. ఇక బరువు కావాలి. ఈగలున్న పెట్టెల్ని పట్టపగలు ఎండలో మూసి ఉంచితే ఊపిరాడక చచ్చిపోతాయి. అందుకని పెట్టెల బదులు మనుషుల్ని ఎక్కిస్తానన్నాడు. అమ్మ ఎక్కింది, మరదలు ఎక్కింది, పక్కింటి టైలరమ్మా ఆవిడ మొగుడూ ఎక్కారు. చాలలేదని టైలరమ్మ చెల్లెళ్ళనీ, వాళ్ళ ఇంటి గుమ్మంలో కూర్చున్న ముసలాయన్నీ పిలిచాడు. పైగా ఒక్కొక్కర్ని నిలబెట్టి బరువెంతని అడగడం. అందరి ముందూ నన్నూ అడిగాడు. నీ తల పగలగొట్టడానికి సరిపోయేంత అన్నాను. పెట్టెన్నర బరువుందని వాడే అంచనా కట్టేసుకుని నన్నూ ఎక్కించాడు.

చక్రాలు కొత్తగా బిగించాక బండిని కాస్త ముందుకీ వెనక్కీ ఆడిస్తే గానీ స్ప్రింగులు కుదురుకోవట. తను కింద ఉండి చూడాలి కాబట్టి బావనే ఆడించమన్నాడు. పెరట్లోనే కదా అని ఆయన ఎక్కారు. ఆడించారు. తమ్ముడు చట్రం మీద రసమట్టం పెట్టి, బుడగ మధ్యలో నిలవగానే, చాలు బావా, దిగమన్నాడు.

ఆయన దిగలేదు. ముందున్న దారిని చూస్తూ అలాగే కూర్చున్నారు. తర్వాత గేరు మార్చారు. బండి గేటు దాటింది. తమ్ముడు అడ్డుపడలేదు, పిలవలేదు. గేటు పట్టుకుని నిలబడిపోయాడు.

మా వీధి చివర పెద్ద మిట్ట ఉంది. బండి నెమ్మదిగా పైకెక్కి అక్కడ ఆగింది. ఇక దిగుడే. వెనకున్న మేమంతా ఒకళ్ళనొకళ్ళం పట్టుకున్నాం. కేబిన్ వెనక చిన్న కిటికీ లోంచి చెయ్యి పెట్టి ఆయన భుజం పట్టుకున్నాను. చొక్కా తడిసిపోయి ఉంది, భుజం అదురుతోంది. వెనక్కి తిప్పేద్దామండీ అనబోయాను. అమ్మ నాకా సందు ఇవ్వలేదు.

"అల్లుడుగారూ, దింపుతారా, ఇక్కడే కాపురం పెట్టమంటారా?"

ఆయన నవ్వారు. కాలవలో పడ్డ తర్వాత ఆ నవ్వు వినడం అదే మొదలు. బ్రేకు మీద కాలుంచి, నిండు చూలాలిని నడిపించినంత జాగ్రత్తగా బండిని దించడం మొదలుపెట్టారు. మొదట్లో నా చేతి కింద భుజం బిగుసుకుపోయి ఉంది. సగం దిగేసరికి అదురు తగ్గింది. ఆ తర్వాత మామూలు భుజమైపోయింది, స్టీరింగు తిప్పుతున్న మనిషి భుజం.

మిట్ట దిగాక బండి ఆపి, వెనక్కి తిరగకుండానే అన్నారు. "సాయంత్రం ఈగలు పెట్టెల్లోకి చేరాక చెప్పు. తాళ్ళు ఈసారి నేనే కడతా."

సరేనండీ అన్నాను. భుజం మీంచి చెయ్యి తీయబుద్ధి కాక, రెండో చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను.