మూడో ఇంటూ

రామచంద్రపురం శివార్లలో కుందేళ్లు పెంచే ప్రభుదాసు గారు హెడ్మాస్టరుగా రిటైరైనా ఎర్రపెన్ను మాత్రం వదల్లేదు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని బోన్ల మధ్య తిరుగుతారు. ప్రతి ఆడకుందేలు బోనుకూ నంబరేసిన ఒక అట్టకార్డు వేలాడుతుంటుంది. ఎదకొచ్చిందనుకున్న రోజున పోతుకుందేలును మెడ తోలు పట్టుకుని తెచ్చి ఆడదాని బోనులో వదులుతారు. ఆడది దాని మీదపడి కరిస్తే కార్డు మీద ఇంటూ కొడతారు. మూడు ఇంటూలు పడితే కూరకే. "దాని ఇంట్లోకి ఇంకోటి దూరితే కరవదాండీ? దాన్నే పోతు దగ్గరికి తీసుకెళ్లండి," అని మేత వేసే సూరమ్మ ఎన్నోసార్లు చెప్పింది. "ఎక్కడైనా పెళ్లికొడుకే ఆడపిల్ల ఇంటికి తరలి వెళ్తాడు. నాకు పాఠాలు చెప్పకు," అనేవారాయన.

మొన్న శనివారం పదిహేడో నంబరు కుందేలు పోతు చెవి చీల్చేసింది. మూడో ఇంటూ పడింది. ఆయన కత్తి తేవడానికి లోపలికెళ్లగానే సూరమ్మ దాన్ని ఎత్తుకెళ్లి పోతు బోనులో పెట్టింది. ఆయన తిరిగొచ్చేసరికి అది కిక్కురుమనకుండా ఒదిగి కూర్చుంది. పోతు పని ముగించుకుని పక్కకు ఒరిగింది.

"చూశారాండీ? దీని తప్పేం లేదండి. వదిలెయ్యండి, నెల తిరిగేసరికి పిల్లల్ని పెడుతుంది."

ఆయన కళ్లజోడు సర్దుకుని కాసేపు చూశారు. "నువ్వు చెప్పింది నిజమే. కానీ పేపరు లాక్కున్నాక జవాబు గుర్తొస్తే మార్కులెయ్యరు సూరమ్మా. దాని కాళ్లు కదలకుండా పట్టుకో."

ఆమె పట్టుకుంది. పద్దెనిమిదో నంబరును ఆ సాయంత్రమే ఆయన స్వయంగా పోతు బోనుకు మోసుకెళ్లారు.