ఆనప పాదులో చేప తల

నాకు మొదట్నుంచీ అనుమానం ఎక్కువ. పాలమనిషి పాలు పోస్తుంటే గిన్నెలోకి కాదు, ఆమె చేతివైపు చూస్తాను. బస్సులో పక్కావిడ నవ్వితే పర్సు తడుముకుంటాను. ఈ గుణం వల్ల నాకెప్పుడూ నష్టం జరగలేదని గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

తొంభైల చివర్లో గాజువాకలో ఓ వరసిళ్ళ వాటాలో ఉండేవాళ్ళం. మా ఆయనవి స్టీల్ ప్లాంటులో షిఫ్టులు. మా పెరటికీ పక్కవాటా పెరటికీ మధ్య నడుమెత్తు గోడ. అవతల ఉండే అక్కది భీమిలి దగ్గర సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. వాళ్ళాయనది పోర్టులో పని. మా పాపకి అప్పుడు తొమ్మిదో నెల. నేను వంటలో ఉంటే అక్కే గోడమీంచి పిల్లని అందుకుని చంకనేసుకునేది.

ఆ గోడవారనే ఆనప పాదు పెట్టాను. కూరగాయ తొక్కలు, బియ్యం కడిగిన నీళ్ళు, వాడేసిన టీ పొడి అన్నీ దానికే. తీగ బాగానే పాకింది గానీ, పిందెలు పసుపెక్కి రాలిపోయేవి. ఆ మాట చెప్పి అక్క దగ్గర ఏడ్చినంత పని చేశాను.

ఆ వారమే పాపకి విరేచనాలు పట్టుకున్నాయి. మందు వేస్తే రెండ్రోజులు తగ్గడం, మళ్ళీ మొదలు. ఒక పొద్దున్న పాదుకి నీళ్ళు పోస్తుంటే మన్ను కొత్తగా తవ్వినట్టు కనిపించింది. అట్లకాడతో గీకాను. చేప తల. దానికి చుట్టిన వెంట్రుకలు. పిండేసిన నిమ్మచెక్కలు. గిట్టనివాళ్ళ పెరట్లో ఇలాంటివి పాతిపెట్టి కీడు చేయడాన్ని మావైపు చిల్లంగి అంటారు.

మా ఆయన నవ్వి కొట్టిపారేశాడు. నేను నవ్వలేదు. ఆ రోజు నుంచి పాపని గోడ దగ్గరికి పోనివ్వలేదు. అక్క పంపిన రొయ్యల కూర కాలవలో పారబోశాను. ఆమెకి పిల్లల్లేరన్న సంగతి అంతకుముందు ఎన్నడూ పట్టించుకోనిదాన్ని, అప్పుడు అదే పనిగా గుర్తు చేసుకున్నాను. వంటింటి కిటికీ రెక్క ఓరగా తీసి కాపలా కాశాను.

నాలుగో రోజు మధ్యాహ్నం దొరికింది. గోడమీంచి వంగి కొబ్బరి చిప్పతో నా పాదు తవ్వుతోంది. వరసిళ్ళన్నీ వినేలా అరిచాను. "నా పిల్లకి చిల్లంగి పెడతావా?" అని.

ఆమె చేతిలోంచి చిప్ప జారిపోయింది. "ఓలమ్మా, ఏటలగంటన్నావు? పాదు కాయట్లేదని నువ్వే గదా ఏడిసినావు! సేప తలకాయలు పాదుకి బలవని మా అమ్మ పెట్టేది. ఎంటికలు సుడితే పందికొక్కు తవ్వదు. పచ్చి నీసు వాసనకి నువ్వు ఓకరిత్తావని సెప్పకుండా పెట్టినాను."

"నిమ్మచెక్కలో?" అన్నాను, ఇంకా తగ్గకుండా.

"సేప కడిగినాక ఏటి సేత్తాం అయ్యి? తొక్కలే గదా!"

అప్పటికే గుమ్మాల్లో ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు.

పాలసీసా పీక సరిగ్గా మరగబెట్టడం లేదని మర్నాడు డాక్టరు నన్నే తిట్టాడు. నెలలోపే ఆనప విరగకాసింది. లేత కాయ కోసి పట్టుకెళ్తే ఆమె తలుపు తీయలేదు. నేను తప్పు నాదేనని ఇంటింటికీ తిరిగి చెప్పాను. నా అరుపు నమ్మినవాళ్ళు ఈ మాట నమ్మలేదు. ఆమె కనిపిస్తే పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్ళు. మూణ్ణెల్లకి వాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు. సామాను ఆటోలో ఎక్కిస్తుంటే మా పాప ఆమెని చూసి చేతులు చాచింది. ఆమె తన రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుంది.

తర్వాత మధురవాడలో అపార్టుమెంటు కింద వాటాకి మారాం. అక్కడ కూడా ఆనప పాదు పెట్టాను. ఆమె పెట్టినట్టే చేప తలలు, వెంట్రుకలు, నిమ్మచెక్కలు పాతుతుండేదాన్ని. ఓ రోజు తలెత్తి చూస్తే పై బాల్కనీలో కొత్తగా దిగిన అమ్మాయి నా చేతులవైపే చూస్తోంది. చంకలో పసిపిల్ల. నోరు తెరిచి విషయం చెబుదామనుకున్నాను. ఆమె పిల్ల మీద పైట కప్పి లోపలికి వెళ్ళి, తలుపు గడియ పెట్టుకుంది.